మేడగది గుమ్మంలో మగబూట్లు

ఆ రోజుల్లో నాకు ఎవరి మీదా నమ్మకం ఉండేది కాదు. ఇదేమీ గొప్పగా చెప్పుకోవలసిన సంగతి కాదని ఇప్పుడు తెలుసు గానీ, కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ వయసులో అనుమానించడమే తెలివితేటలని నా గట్టి నమ్మకం (నాకున్నది ఆ ఒక్క నమ్మకమే). తప్పు పూర్తిగా నాది కూడా కాదు లెండి, అది మా ఇంటి ఆస్తి. మా నాన్నగారు తాడేపల్లిగూడెంలో పౌరోహిత్యం చేస్తారు. కర్పూరం కొంటే ఒక బిళ్ళ కొట్లోనే వెలిగించి, మసి ఎంత వస్తోందో చూసి గానీ పొట్లం కట్టనివ్వరు. మా అమ్మ హైస్కూల్లో లెక్కల టీచరు. బస్సు సరిగ్గా టైముకి వస్తే, ఇది ఇందాకటి బస్సు ఆలస్యంగా వచ్చిందేమోనని అనుమానపడి ఎక్కడం మానేసే మనిషి. అలాంటి ఇద్దరికి పుట్టి, జువాలజీలో ఎమ్మెస్సీ చేసి, ఏలూరులో చేపల చెరువుల నీళ్ళు పరీక్ష చేసే ఒక చిన్న ల్యాబులో చేరాను. అనుమానానికి జీతం ఇచ్చే ఉద్యోగం ప్రపంచంలో ఏదైనా ఉంటే అది నీటిపరీక్షే. చూడడానికి ఎంత తేటగా ఉన్నా నమ్మకూడదు.

ల్యాబంటే తెల్లకోటు వేసుకుని ఫ్యాను కింద నిలబడే పని అనుకునే వెళ్ళాను. తీరా వెళ్ళాక తెలిసింది, నీళ్ళు వాటంతట అవి ల్యాబుకి నడిచి రావని. వారంలో సగం రోజులు కొల్లేటి చుట్టూ లంక గ్రామాల్లో చెరువు గట్ల మీద తిరిగి, సీసాల్లో నీళ్ళు పట్టి, ఆక్సిజన్ ఎంత ఉందో మీటరుతో అక్కడికక్కడే చూసి రాసుకోవాలి. ల్యాబు వ్యాను నడిపే ఆయన్ని అందరూ బాబాయి అనేవారు, నేనూ బాబాయి అనే పిలిచేదాన్ని. వ్యాను గట్టు మొదట్లోనే ఆగిపోతుంది. అక్కడి నుంచి నడకే. చేరిన కొత్తలోనే ఒక వానరోజు ఆ నల్లమట్టి నా ఎడమకాలి చెప్పు పుచ్చుకుంది. చెయ్యి మోచేతిదాకా పెట్టి వెతికినా తిరిగి ఇవ్వలేదు. మిగిలిన చెప్పు చేత్తో పట్టుకుని కుంటుతూ వస్తుంటే బాబాయి చూసి, "ఆ రెండోది కూడా దానికే ఇచ్చెయ్యాల్సిందమ్మా, జతైనా అయ్యేది," అన్నాడు.

ఆ సాయంత్రమే ఫోన్లో వెతికి, వాటర్‌ప్రూఫ్ హైకింగ్ షూస్‌కి ఆర్డరు పెట్టాను. కొండలెక్కేవాళ్ళ కోసం చేసినవి. చీలమండ కిందికే ఆగిపోయే పొట్టి రకం. లోపల ఏదో పొర ఉంటుందట, బయటి తడిని లోపలికి రానివ్వదట, లోపలి చెమటని మాత్రం ఆవిరి చేసి బయటికి పంపేస్తుందట. (ఒక్క పొర ఎవరు వస్తున్నారో ఎవరు పోతున్నారో కనిపెట్టి తలుపు తీస్తుందంటే నాకు అప్పుడే అనుమానం రావాలి. వచ్చింది కూడా. కానీ పోయిన చెప్పు బాధలో ఉన్నాను.) ఆడవాళ్ళ సైజుల్లో నాకు సరిపోయేది అయిపోయింది. మగవాళ్ళ రకంలో అన్నిటికన్నా చిన్నది తీసుకుని, మందపాటి మేజోళ్ళతో సర్దుకుందామనుకున్నాను.

పార్శిల్ తాడేపల్లిగూడెంలో మా ఇంటికే తెప్పించుకుని, సెలవురోజున వెళ్ళాను. విప్పి చూస్తే ముదురు గోధుమరంగు, ముందు వేళ్ళ దగ్గర రబ్బరు తొడుగు, అడుగున ట్రాక్టరు టైరులాంటి గాడులు. బందోబస్తుకి వచ్చిన పోలీసెవడో విప్పి వెళ్ళినట్టున్నాయి. నాన్నగారు కళ్ళజోడు సవరించుకుని, ముట్టుకోకుండా చుట్టూ ఒక ప్రదక్షిణం చేశారు.

"తోలా?"

"కాదు నాన్నగారూ. సింథటిక్. ఇదిగో, రాశారు."

"రాసినవాణ్ణి నువ్వు చూశావా?"

అమ్మకి తోలు సంగతి పట్టలేదు, నీళ్ళ సంగతే పట్టింది. "పైనుంచి నాలుగు చుక్కలు పోస్తే ఏం తెలుస్తుంది? నిలబెట్టి ముంచాలి," అని పెరట్లో టబ్బులో నీళ్ళు పోసి, ఒక బూటులో పాత పేపరు ముక్కలు కుక్కి, తేలిపోకుండా లోపల ఇత్తడి చెంబు బరువు పెట్టి, అంచుకి రెండు వేళ్ళ కిందిదాకా మునిగేలా నిలబెట్టింది. మేం భోజనాలు చేసి, అమ్మ ఒక కునుకు తీసి లేచేదాకా అది అలాగే ఉంది. తర్వాత పేపరు తీసి ముగ్గురం వంతులవారీగా పట్టుకుని చూశాం. నాన్నగారు వాసన కూడా చూశారు. "పొడిగానే ఉంది," అని ఒప్పుకుని, ఒక్క క్షణం ఆగి, "ప్రస్తుతానికి," అన్నారు.

నిజం చెప్పాలంటే ఏలూరు వీధుల్లో ఆ బూట్లు నన్ను అబ్బురపరిచాయి. వాన పడితే ఊళ్ళో సగం రోడ్లు కాలవలే. అందరూ చీర కుచ్చిళ్ళూ ప్యాంటు అంచులూ ఎత్తి పట్టుకుని, ఇటుకముక్క మీంచి ఇటుకముక్క మీదికి గెంతుతుంటే, నేను మాత్రం గుంటల్లోంచి దర్జాగా నడిచి వెళ్ళేదాన్ని. లేసుల కిందుండే నాలుక దగ్గర కూడా గుడ్డ రెండు పక్కలా కుట్టేసి ఉండడంతో అక్కడ నుంచీ చుక్క దిగేది కాదు. అయినా నాకు నమ్మకం కుదరక, ల్యాబు చేరగానే మూలకి వెళ్ళి మేజోడు నొక్కి చూసుకునేదాన్ని. ఒకసారి ల్యాబువాళ్ళమంతా గుంటుపల్లి గుహలు చూడడానికి వెళ్తే, సన్నని తుంపర్లో కొండమెట్లూ రాళ్ళూ పాకుడు పట్టినట్టు జారుతున్నాయి. చెప్పుల్లో వచ్చినవాళ్ళంతా ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని దండలా దిగుతుంటే, నేను మేకపిల్లలా దిగిపోయి కింద నిలబడి, అందరికీ ఎక్కడ అడుగు వెయ్యాలో చెప్పడం మొదలుపెట్టాను. (ఆ రోజు తీసిన ఫోటోల్లో నేను దేంట్లోనూ లేను. కావాలనే అని నా అనుమానం.)

బాధలు ఉండకపోలేదు. ఎండకాస్తే ఆ పొర చెమటని ఆవిరి చేసి పంపుతుందన్నది పుకారని తేలిపోయింది. మధ్యాహ్నానికి నా పాదాలు ఆవిరికుడుముల్లా ఉడికేవి. అది చల్లని దేశాల పొర కాబోలు, మన ఎండ చూసి అదే లోపల దాక్కునేది. రెండో బాధ లేసులు. మన ఊళ్ళలో మనిషి అడుగడుగునా ఒక గడప ముందు నిలబడవలసినవాడే. చెరువు ఆసామి ఇంట్లో మంచినీళ్ళు తాగాలన్నా, గుళ్ళో దణ్ణం పెట్టుకోవాలన్నా, ఆఖరికి మా ల్యాబులోకి వెళ్ళాలన్నా కాళ్ళవి విప్పాల్సిందే. నేను వంగి ముళ్ళు విప్పుతుండగానే లోపల కబుర్లు అయిపోయేవి. ముళ్ళు వేసుకుంటుండగా వ్యాను హారను మోగేది.

అసలు కథ మామ్మగారితో మొదలైంది. ఏలూరులో నేను అద్దెకున్న మేడగది ఆవిడదే. కింద వాటాలో ఒక్కరే ఉండేవారు. ఆవిడ అనుమానం ముందు మా ఇంటిల్లిపాది అనుమానం పసిపిల్లల ఆట. గది ఇచ్చేటప్పుడే, "మగవాళ్ళెవరూ మెట్లు ఎక్కకూడదమ్మా. అన్నయ్యలైనా సరే. అన్నయ్యలని ఎవరు చెప్పొచ్చారు?" అన్నారు. మెట్ల కింద వరండాలో కుర్చీ వేసుకుని కూర్చునేవారు. పాలవాడు కూడా అక్కడే ఆగి, పాలపొట్లం ఆవిడ చేతికిచ్చి, ఎందుకు నవ్వాడో సంజాయిషీ ఇచ్చి వెళ్ళేవాడు.

ఒక ఆదివారం పొద్దున్న. ముందురోజు లంకల నుంచి వచ్చి, బురద కొట్టుకుపోయిన బూట్లు ఆరతాయని గుమ్మం బయట పెట్టాను. తల దువ్వుకుంటూ, ఫోన్ స్పీకరులో పెట్టి నాన్నగారితో మాట్లాడుతున్నాను. ఆయనకి జలుబు. మాట మధ్యలో గట్టిగా దగ్గారు. అంతే, తలుపు మీద దబదబా చప్పుడు. ఉలిక్కిపడి ఫోన్ కట్ చేసి తలుపు తీశాను. మామ్మగారు మోకాళ్ళ నొప్పులు కూడా మర్చిపోయి మేడ ఎక్కి వచ్చేశారు.

"లోపల ఎవరమ్మా?"

"ఎవరూ లేరండీ మామ్మగారూ."

"మరి దగ్గిందెవరు?"

"నాన్నగారండీ."

"ఆయనెక్కడున్నారు?"

"గూడెంలోనండీ."

"గూడెంలో దగ్గితే ఏలూరులో వినపడిందా!" అని, నా భుజం మీంచి గదంతా కళ్ళతోనే ఊడ్చి, చూపు కిందికి దించి బూట్ల మీద ఆపారు. "ఇవెవరివి?"

"నావేనండీ."

ఆవిడ నా పాదాలకేసి చూశారు, బూట్లకేసి చూశారు. మళ్ళీ నా పాదాలకేసి చూసి, మెట్టుమెట్టుకీ ఆగి వెనక్కి చూస్తూ దిగిపోయారు. గొడవెందుకని మర్నాటి నుంచి బూట్లు గదిలోపలే పెట్టుకోవడం మొదలుపెట్టాను. అది ఇంకా పెద్ద పొరపాటు. బయట ఉన్నన్నాళ్ళూ మనిషి వచ్చిపోతున్నాడనుకున్న ఆవిడ, ఇప్పుడు వచ్చినవాడు పోవడం లేదని నిర్ధారణకి వచ్చారు. గది తీసుకున్నప్పుడు ఇచ్చిన నంబరు వెతికి మా నాన్నగారికి ఫోన్ చేశారు. ఆ మాటలు తర్వాత నాన్నగారే చెప్పారు: "ఏవండీ, మీ అమ్మాయి గదిలో బూట్లున్నాయండీ. పెద్దవి, నల్లవి. మనిషి ఇంకా దొరకలేదు."

నల్లవి! మా పెరట్లో టబ్బులో ముంచిన బూట్లు గోధుమరంగువి. ఆ ఒక్క మాటతో మా ఇంట్లో పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. అమ్మ ఫోన్ చేసి, ఎప్పుడూ లేనంత మెల్లిగా, "నాన్నగారు బయల్దేరారు. చూస్తారు. పద్ధతిగా లేకపోతే పెట్టె సర్దుకుని వచ్చెయ్యి. ఇక్కడే ఏ స్కూల్లోనో చేరుదువుగాని," అంది. ఎండా బురదా అంటూ రోజూ సణుక్కునే ఆ ఉద్యోగం నాకు అంత ఇష్టమని ఆ నిమిషంలోనే తెలిసింది. కొల్లేటి మీద పొద్దున్నే మంచు విడుతుండగా, గట్టు మీద నిలబడి మీటరులో అంకె ఆగేదాకా ఊపిరి బిగపట్టుకోవడం, ఆ అంకె కోసం ఒక పెద్దమనిషి నా మొహంకేసి ఆత్రంగా చూడడం, ఇవన్నీ వదిలేసి చాక్‌పీసు పట్టుకోవాలంటే ఏడుపొచ్చింది.

నాన్నగారు పంచె, పైన ఉత్తరీయం, చేతిలో గొడుగు, కాళ్ళకి రబ్బరు చెప్పులతో పొద్దున్నే దిగారు. మామ్మగారు వరండాలోనే విచారణ పెట్టారు. నేను బూట్లు తెచ్చి మధ్యలో పెట్టాను. నాన్నగారు ఒక పుల్ల తీసుకుని ఎండిన బురద గీకారు. అడుగున గోధుమరంగు బయటపడింది. ఆయన మొహంలో కొంచెం వెలుగొచ్చింది. "ఇవి మా బూట్లేనండీ. మేమే ముంచాం," అన్నారు.

"ముంచారా?" అన్నారు మామ్మగారు, ఈసారి ఆయనకేసి అనుమానంగా చూస్తూ. తర్వాత నన్ను వేసుకుని చూపించమన్నారు. మేజోళ్ళు తొడిగి, ముళ్ళు బిగించి, వరండాలో ఆ చివరికీ ఈ చివరికీ పెళ్ళిచూపుల్లో కూడా ఎవరూ నడవనంత జాగ్రత్తగా నడిచి చూపించాను.

"అతని బూట్లు నువ్వేసుకుని తిరిగితే నీవైపోతాయా అమ్మా?" అన్నారావిడ.

నాన్నగారికి ఆ వాదన న్యాయంగానే తోచినట్టుంది. గడ్డం గోక్కుని, "ఇంత బురద ఎక్కడంటింది? నీటిపరీక్షకి బురదతో పనేమిటి? అదేదో నేను కళ్ళారా చూస్తాను, పద," అని గొడుగు తీసుకున్నారు. అలా ఆ రోజు మా ల్యాబు వ్యానులో సీసాల పెట్టె పక్కన మా నాన్నగారు కూడా ఎక్కారు. ఏలూరు దాటేదాకా బాబాయినే అనుమానంగా చూశారు. ఆయన పాదాలు ఈ బూట్లలో పట్టవని నిర్ధారణ చేసుకున్నాక గానీ మాట కలపలేదు.

మూడు రోజులుగా మబ్బు పట్టి ఉంది. ఎండ లేకపోతే చెరువుల్లో ఆక్సిజన్ పడిపోతుంది. ఆ పొద్దున్న ఒక ఆసామి భార్య మా ల్యాబుకి ఫోన్ చేసి, చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరుస్తున్నాయని, తొందరగా రమ్మని చెప్పింది. మేం వెళ్ళేసరికి ఆవిడ అక్కడ లేదు. ఆక్సిజన్ బిళ్ళలు తేవడానికి కైకలూరు వెళ్ళిందని తర్వాత తెలిసింది. గట్టు మీద ఆసామి ఒక్కడే ఉన్నాడు. భార్య ఫోన్ చేసిందని అతనికి తెలియదు. అతనికి కనిపించిందల్లా, గట్టు వెంబడి గట్టి బూట్లేసుకుని, చేతిలో ఏదో మిషనుతో వస్తున్న ఒక అమ్మాయి, వెనకాల గొడుగుతో ఒక పంచె పెద్దాయన. అతను గట్టుకి అడ్డంగా నిలబడ్డాడు.

"ఏ ఆఫీసు నుంచండీ తమరు?"

"ఆఫీసు కాదండీ, ల్యాబు. మీ ఇంట్లోంచి ఫోనొస్తే నీళ్ళు చూడడానికొచ్చాం."

"మా ఇంట్లోంచి ఎవరూ ఫోను చెయ్యలేదండీ. అందరూ నీళ్ళే చూత్తారండీ ముందు. ఆ మధ్య పక్కూరికి, చెరువులు కొల్లేటి హద్దులో ఉన్నాయంటా గవర్నమెంటు కొలతలోళ్ళొచ్చారండీ, అచ్చం ఇయ్యే బూట్లు. ఆళ్ళూ నీళ్ళే చూత్తామన్నారు. ఆళ్ళటెల్లగానే ఇటు గట్లకి గండ్లు కొట్టేశారండీ." అంటూనే నాన్నగారి వైపు చూసి, "మరి ఈ పంచె కట్టుకున్న పెద్దాయన? పంచనామాకి సాక్ష్యం తెచ్చారాండీ?" అన్నాడు.

నాన్నగారు అబద్ధం ఆడరు. ఆ సుగుణం ఆ రోజు మా కొంప ముంచబోయింది. "అదేం లేదు నాయనా. ఇది మా అమ్మాయే. ఈ బూట్ల సంగతి తేల్చుకుందామని నేనే గూడెం నుంచి వచ్చాను," అన్నారు.

"బూట్ల సంగతి తేల్చడానికి గూడెం నించొచ్చారాండీ!" ఆసామి కళ్ళు ఇంత చేశాడు. "అయితే ఖాయంగా ఏదో ఉందండీ. ఎనక్కెళ్ళిపోండి. మా నీళ్ళు ముట్టుకోడానికి లేదండీ."

అతని వెనకాల చెరువు కనిపిస్తోంది. నీటి పైన వేలకొద్దీ నోళ్ళు గుండ్రంగా తెరుచుకుని గుటకలు వేస్తున్నాయి. ఆ చప్పుడు ఒకసారి విన్నవాళ్ళు మర్చిపోరు, చిన్న వాన పడుతున్నట్టుంటుంది. కాలవ నీళ్ళు ఎగజిమ్మి చెరువుకి గాలి పట్టించే ఇంజను పక్కనే ఉంది గానీ ఆడించడం లేదు. తాడు లాగుతుండగా మమ్మల్ని చూసి వదిలేసి వచ్చాడు. అతనూ భయంతోనే ఉన్నాడు. చేపలకి భయపడాలో మాకు భయపడాలో తేల్చుకోలేక, ఎదురుగా కనిపిస్తున్న భయానికే ముందు అడ్డం నిలబడ్డాడు. నాకు అప్పటిదాకా అందరి అనుమానాలూ నవ్వులాటగానే ఉన్నాయి. ఆ నోళ్ళు చూడగానే నవ్వు పోయింది.

"అయ్యా, నన్ను తర్వాత తిట్టుకోండి, ముందు ఇంజను వెయ్యండి," అని పక్కనించి గట్టు వాలులోకి దిగాను. నా బూట్ల మీద నాకు అంత ధీమా. కానీ గుంటుపల్లి రాయి వేరు, కొల్లేటి నల్లమట్టి వేరు. రెండు అడుగులు వేసేసరికి అడుగునున్న గాడులన్నీ బంకమట్టితో నిండిపోయి, ట్రాక్టరు టైరు కాస్తా నున్నటి అప్పడాలపీట అయిపోయింది. ఎక్కడా ఆగకుండా జారి, మోకాళ్ళలోతు నీళ్ళలో నిలబడ్డాను. మీటరు మాత్రం తల మీదికి ఎత్తి పట్టుకున్నాను (ల్యాబులో ఉన్న మంచి మీటరు అదొక్కటే). పొట్టిరకం బూట్లు కదా, పై అంచుల్లోంచి చెరువు తాపీగా లోపలికి వచ్చింది. ఎలాగూ దిగాను కదా అని మీటరు తీగ నీళ్ళలో వేశాను. అంకె చూడగానే కాళ్ళ చల్లదనం ఒంట్లోకి పాకింది. "ఆక్సిజన్ ఒకటి కూడా లేదండీ! ఇంకో గంట ఇలాగే ఉంటే మిగలవు!" అని అరిచాను.

ఆసామి నాకేసి చూశాడు. మునిగిన బూట్లనీ, పైకెత్తిన మీటరునీ చూశాడు. "గవర్నమెంటోళ్ళయితే మిషను వదిలేసి బూట్లు కాపాడుకుంటారండీ," అన్నాడు, మాకు కాదు, తనకి తనే చెప్పుకుంటున్నట్టు. మరుక్షణం ఇంజను దగ్గరికి పరిగెత్తాడు. తాడు లాగితే అది అందుకోలేదు. రెండోసారీ అందుకోలేదు. మా నాన్నగారు గొడుగు గట్టు మీద పడేసి, ఉత్తరీయం నడుముకి చుట్టుకుని వెళ్ళి ఆయనా ఒక చెయ్యి వేశారు. ఇద్దరూ కలిసి లాగితే ఇంజను దగ్గి, దగ్గి, అందుకుంది. పక్క కాలవ నీళ్ళు పైపులోంచి గాలిలోకి ఎగిరి చెరువులో పడ్డాయి. ఇంతలో ఆసామి భార్య మోటారుసైకిలు వెనకాల బిళ్ళల డబ్బాలతో దిగి, నీళ్ళలో నన్ను చూసి, గట్టు మీద మొగుణ్ణి చూసి, "నేను పిలిపించిన మనిషండీ ఆవిడ! నీళ్ళలో నిలబెట్టారేంటండీ!" అని అరిచింది. చేతులు మాత్రం డబ్బాల మూతలు విప్పుతూనే ఉన్నాయి. అందరం తలో పక్కా బిళ్ళలు జల్లాం. మధ్యాహ్నానికి నీటి మీద నోళ్ళు ఒక్కొక్కటే మాయమయ్యాయి. తేలి చచ్చిపోయినవి కొన్ని ఉన్నాయి. మిగిలినవన్నీ కిందికి దిగిపోయాయి. చెరువు మళ్ళీ ఏమీ ఎరగనట్టు నున్నగా అయిపోయింది.

అప్పుడు గట్టు మీద కూర్చుని బూట్ల ముళ్ళు విప్పాను. ఒక్కొక్క బూటూ కుండంత బరువుంది. ఇన్ని గంటలైనా ఒక్క చుక్క బయటికి పోలేదు. మా అమ్మ పరీక్షలో అవి పాసయ్యింది నిజమే, నీళ్ళని ఏ వైపు నుంచీ దాటనివ్వవు. ఒంపితే ధారగా పోశాయి. ఆఖర్న ఒక చిన్న చేపపిల్ల కూడా జారి నా ఒళ్ళో పడి ఎగిరింది. ఆసామి దాన్ని దోసిట్లో పట్టి చెరువులో వదిలి, ఖాళీ బూటు చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసి, "మా గట్లు ఇలా నీళ్ళు పట్టుకుంటే ఎంత బాగుండునండీ," అన్నాడు మనస్ఫూర్తిగా. మా నాన్నగారు నవ్వారు. ఆయన పెద్దగా నవ్వగా నేను చూడడం చాలా తక్కువ.

తిరుగుదారిలో నాకు కాళ్ళకి ఏమీ లేదు. గట్టంతా నత్తగుల్లల పెంకులు. చేతులనిండా సీసాలు. నాన్నగారు తన రబ్బరు చెప్పులు విడిచి నా ముందు పెట్టారు. "వద్దు నాన్నగారూ," అంటే వినలేదు. తర్వాత ఎవరూ అడక్కుండానే వంగి, నీళ్ళోడుతున్న నా బూట్లని లేసులతో పట్టుకుని ఎత్తుకున్నారు. చెప్పులు చేత్తో ముట్టుకుంటే కాళ్ళూ చేతులూ కడుక్కునేదాకా గడప తొక్కని మనిషి, ఆ బంకమట్టి గట్టు పొడవునా కూతురి బూట్లు మోసుకుంటూ వట్టికాళ్ళతో ముందు నడిచారు. వ్యాను దగ్గరికి వచ్చాక, "అంకె ఎంతుండాలి మామూలుగా?" అని అడిగారు. చెప్పాను. "ఊఁ," అన్నారు. ఉద్యోగం ఉన్నట్టేనని నాకు అర్థమైంది.

మామ్మగారు వరండాలోనే ఉన్నారు. రబ్బరు చెప్పుల్లో నేను, వెనకాల వట్టికాళ్ళతో, మోకాళ్ళదాకా బురదతో, చేతిలో బూట్లు పట్టుకుని మా నాన్నగారు. ఆవిడ ఆ చేతికేసి, ఆ బూట్లకేసి, ఆ పాదాలకేసి చూశారు. ఎన్నాళ్ళనుంచో దొరకని మనిషి దొరికినట్టు ఆవిడ మొహం విచ్చుకుంది.

"అయితే ఇవి మీవాండీ! ముందే చెప్పచ్చు కదమ్మా. ధైర్యంగా ఉంటుందని నాన్నగారి బూట్లు గుమ్మంలో పెట్టుకుందన్నమాట పిచ్చిపిల్ల!"

"అబ్బే, నావి కావండీ, అమ్మాయివే," అన్నారు నాన్నగారు.

"ఉండనివ్వండి, నాకు తెలియదా," అని మామ్మగారు చిరునవ్వు నవ్వారు. నాన్నగారు మళ్ళీ చెప్పారు. మూడోసారి కూడా చెప్పారు. చెప్పినకొద్దీ ఆవిడకి నమ్మకం గట్టిపడింది. పౌరోహిత్యం చేసేవారు కాబట్టి బూట్లు తనవని ఒప్పుకోవడానికి మొహమాటపడుతున్నారని ఆవిడ తేల్చేశారు. నిజం ఇంత గట్టిగా చెప్పి ఇంత చక్కగా తప్పించుకోవడం మా వంశంలో అదే మొదటిసారి. ఆ తర్వాత ఎప్పుడైనా నేను బూట్లు లోపల పెట్టుకుంటే ఆవిడే కేకేసి, "గుమ్మంలో పెట్టమ్మా. మగదిక్కు ఉందనుకుని దొంగలు భయపడతారు," అనేవారు.

బూట్లు ఆరడానికి మాత్రం వారం పైనే పట్టింది. పేపర్లు కుక్కినకొద్దీ అవి తడి విడిచాయి గానీ, కొల్లేరు వాసన విడవలేదు. వీధిలో పిల్లులన్నీ మేడమెట్ల మీద మకాం పెట్టాయి. ఆరాక మళ్ళీ వేసుకున్నాను. వాన వీధుల్లోకీ, రాళ్ళ కొండల్లోకీ వాటిని మించినవి లేవని ఇప్పటికీ అంటాను. చెరువులోకి దిగే రోజున మాత్రం వాటిని వ్యానులో పెట్టి, అందరిలాగే వట్టికాళ్ళతో దిగడం నేర్చుకున్నాను. కొన్నేళ్ళు నమ్మకంగా పనిచేసి, చివరికి అడుగు అరిగి నున్నగా అయిపోయాయి.

ఇప్పటికీ ఆ గట్ల వైపు వెళ్ళినప్పుడు, మీటరు తల మీదికెత్తి మోకాళ్ళలోతు నీళ్ళలో నిలబడ్డ ఆ పిల్ల నాకు కనిపిస్తుంది. పెదాలు బిగించి, ప్రపంచమంతా తనని మోసం చెయ్యడానికే కాచుకుని ఉందని నమ్ముతూ, అయినా ఆ వేల నోళ్ళ కోసం ముందూ వెనకా చూడకుండా దిగిపోయిన పిల్ల. దగ్గరికి వెళ్ళి భుజం తట్టి, "భయపడకమ్మా, అన్నీ బాగానే జరుగుతాయి," అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా ఏం లాభం? పైనుంచి కిందిదాకా ఒకసారి ఎగాదిగా చూసి, "ఎవరండీ మీరు? మీకెలా తెలుసు?" అంటుంది.